రివర్బ్ ఫుట్‌స్విచ్ టప్పుమనకుండా, హమ్ రాకుండా: ట్యూబ్ గిటార్ యాంప్లిఫయర్ కోసం సమగ్ర మార్గదర్శి

స్ప్రింగ్ రివర్బ్ (స్ప్రింగుల సాయంతో శబ్దానికి మారుమోగే ప్రతిధ్వనిని జోడించే ఏర్పాటు) ఉన్న ట్యూబ్ యాంప్లిఫయర్లలో చాలావాటికి మూలం అమెరికాకు చెందిన ఫెండర్ సంస్థ 1963లో రూపొందించిన ఏబీ763 సర్క్యూట్. డీలక్స్ రివర్బ్, ట్విన్ రివర్బ్ వంటి యాంప్లిఫయర్లు ఆ సర్క్యూట్ మీదే నిలబడ్డాయి. వాటిని చూసి తయారైనవి, ఇళ్లలో కిట్ కొని కట్టుకున్నవి కూడా రివర్బ్ భాగంలో దాదాపు అదే దారిలో నడుస్తాయి. ఆ సర్క్యూట్‌లో నాకు ఎంతో గౌరవం ఉన్న భాగాలు అనేకం ఉన్నాయి. రివర్బ్‌ను కాలితో ఆపే, నడిపే ఫుట్‌స్విచ్ (పెడల్) అమరిక మాత్రం వాటిలో ఒకటి కాదు. రివర్బ్ సిగ్నల్‌నే ఒక వైరు గుండా వాయిద్యకారుడి పాదం దాకా పంపి, అక్కడ గ్రౌండ్‌కు కలిపి చంపే పద్ధతి అది. ఆ అమరికలో వినిపించే టప్పు శబ్దాన్ని, హమ్‌ను (కరెంటు లైన్ల నుంచి వచ్చే గుయ్‌మనే మోతను) ఎలా గుర్తించాలో, ఉన్న సర్క్యూట్‌ను ఎంతవరకు బాగుచేయవచ్చో, ఆ తర్వాత సిగ్నల్‌ను యాంప్లిఫయర్ లోపలే ఉంచి పాదానికి కేవలం ఒక డీసీ ఆజ్ఞను పంపే పద్ధతిని ఎలా కట్టుకోవాలో ఇక్కడ వరుసగా వివరిస్తాను.

పని మొదలుపెట్టే ముందు

ఈ యాంప్లిఫయర్ల లోపల 400 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది. ప్లగ్ పీకిన తర్వాత కూడా ఫిల్టర్ కెపాసిటర్లు ఆ వోల్టేజీని పట్టి ఉంచగలవు. ప్లగ్ తీసి, 100 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న క్లిప్ వైర్లతో మొదటి ఫిల్టర్ కెపాసిటర్‌కూ చాసిస్‌కూ (యాంప్లిఫయర్ లోహపు చట్రానికీ) మధ్య ఒక నిమిషం పాటు ఉంచండి. ఆ తర్వాత మీటర్‌తో కొలిచి, 10 వోల్టుల లోపు ఉందని చూసుకున్నాకే లోపల చెయ్యి పెట్టండి. అధిక వోల్టేజీ సర్క్యూట్లతో అలవాటు లేనివారు ఈ పనిని తెలిసినవారి పక్కన కూర్చుని చేయడం మంచిది.

ఫుట్‌స్విచ్ విషయంలో ఇంకొక జాగ్రత్త ఉంది. పెడల్ ఇనుప డబ్బా కేబుల్ షీల్డ్ ద్వారా నేరుగా చాసిస్‌కు కలిసి ఉంటుంది, దాని మీద మనిషి కాలు పెడతాడు. అమెరికా నుంచి తెచ్చుకున్న 120 వోల్టుల యాంప్లిఫయర్‌ను మన దగ్గర స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో నడిపేవారు, ఎర్త్ పిన్ గోడ సాకెట్ నుంచి చాసిస్ దాకా తెగకుండా వస్తోందో లేదో మీటర్‌తో తప్పక చూడాలి. రెండు పిన్నుల స్టెప్‌డౌన్ పెట్టెతో ఈ పెడల్‌ను వాడవద్దు.

సిగ్నల్ ఏ దారిలో పోతుంది

రెండో గెయిన్ స్టేజ్ (సిగ్నల్‌ను పెంచే దశ) ప్లేట్ నుంచి, అంటే ట్యూబ్ అవుట్‌పుట్ కాలి నుంచి, వచ్చిన సిగ్నల్ అక్కడ రెండుగా చీలుతుంది. ఒక పాయ 3.3 మెగాఓమ్ రెసిస్టర్ గుండా నేరుగా ముందుకు పోతుంది, అదే రివర్బ్ లేని మూల శబ్దం. రెండో పాయ 500 పికోఫారడ్ కెపాసిటర్ గుండా 12ఏటీ7 అనే ట్యూబ్ గ్రిడ్‌కు (సిగ్నల్ లోపలికి వెళ్లే కాలికి) చేరుతుంది. ఆ ట్యూబ్‌లోని రెండు ట్రయోడ్లనూ సమాంతరంగా కలిపి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా స్ప్రింగ్ ట్యాంక్‌ను (రివర్బ్ స్ప్రింగులున్న డబ్బాను) నడుపుతారు. ట్యాంక్ నుంచి తిరిగి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను 12ఏఎక్స్7 అనే ట్యూబ్‌లో ఒక సగం పెంచుతుంది. దీన్నే రికవరీ స్టేజ్ అంటారు. దాని ప్లేట్ నుంచి 0.003 మైక్రోఫారడ్ కెపాసిటర్ గుండా సిగ్నల్ 100 కిలో ఓమ్ రివర్బ్ పాట్ (నాబ్ వెనక ఉండే, తిప్పితే విలువ మారే రెసిస్టర్) పై కాలికి వస్తుంది. పాట్ మధ్య కాలి నుంచి 470 కిలో ఓమ్ రెసిస్టర్ ద్వారా అది మూల శబ్దంతో కలుస్తుంది.

ఫుట్‌స్విచ్ జాక్ కలిసేది ఆ పాట్ పై కాలి దగ్గరే. పెడల్ మూసుకుంటే ఆ బిందువు గ్రౌండ్ అవుతుంది, రివర్బ్ ఆగుతుంది. పెడల్ తెరుచుకుంటే, లేదా అసలు పెడల్ లేకపోతే, రివర్బ్ పనిచేస్తుంది. మిక్సింగ్ రెసిస్టర్ విలువ 470 కిలో ఓమ్ కావడంతో, పాట్ వైపు గ్రౌండ్ అయినా కాకపోయినా మూల శబ్దం స్థాయి గుర్తించదగినంత మారదు. ఈ ఎంపికలో మంచి ఆలోచన ఉంది, దాన్ని మనం కూడా చెడగొట్టకూడదు.

ఇబ్బంది ఎక్కడంటే, ఆ బిందువు ఇంపిడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు) తక్కువేమీ కాదు. రికవరీ ట్యూబ్ వైపు నుంచి చూస్తే దాదాపు 38 కిలో ఓమ్‌లు, దానికి తోడు 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఆ చిన్న కెపాసిటర్ రియాక్టెన్స్ మరో 53 కిలో ఓమ్‌లు. రివర్బ్ పనిచేస్తున్నంతసేపూ పదిహేను అడుగుల వైరు, రెండో చివర తెరిచి ఉండగా, అటువంటి బిందువుకు వేలాడుతూ ఉంటుంది. చుట్టుపక్కల ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లు, లైట్ల డిమ్మర్లు, పవర్ కార్డుల నుంచి 50 హెర్ట్జ్ హమ్‌ను అది చక్కగా పట్టుకుంటుంది. పెడల్ నొక్కగానే వైరు షార్ట్ అవుతుంది కాబట్టి ఆ హమ్ కూడా మాయమవుతుంది. అందుకే చాలామంది తప్పు ట్యాంక్‌దనుకుని కొత్త ట్యాంక్ కొంటారు.

మొదటి మెట్టు: చప్పుడు ఏ రకమో తేల్చుకోవడం

సోల్డరింగ్ ఐరన్ వేడిచేసే ముందు ఈ పరీక్షలు చేయండి. యాంప్లిఫయర్ ఆన్‌లో ఉంచి, వాల్యూమ్ సున్నాలో, రివర్బ్ నాబ్ సగంలో పెట్టి, పెడల్ కేబుల్‌ను జాక్ నుంచి పూర్తిగా తీసేయండి. హమ్ గణనీయంగా తగ్గితే దోషం కేబుల్‌ది. తగ్గకపోతే అది ట్యాంక్ దగ్గరిదో, దాని రెండు ఆర్‌సీఏ వైర్లదో (మధ్య పిన్ను, బయటి రింగు ఉన్న ఆడియో ప్లగ్ వైర్లు), రికవరీ ట్యూబ్‌దో అయి ఉంటుంది. ఫుట్‌స్విచ్‌ను ఎంత బాగుచేసినా అది పోదు. ఆ సందర్భంలో ముందుగా ట్యాంక్ గ్రౌండింగ్ చూడండి. డీలక్స్ రివర్బ్ తరహా యాంప్లిఫయర్లకు సరిపోయే ట్యాంక్‌కు తయారీ సంస్థ అక్యూట్రానిక్స్ ఇచ్చిన సంకేతం 4ఏబీ3సీ1బీ. అందులో ఐదో స్థానంలోని ‘సీ’ అక్షరానికి అర్థం, ఇన్‌పుట్ జాక్ ట్యాంక్ డబ్బాకు తగలకుండా ఉందనీ, అవుట్‌పుట్ జాక్ మాత్రమే డబ్బాకు గ్రౌండ్ అయిందనీ. అదే స్థానంలో ‘ఏ’ ఉన్న ట్యాంక్‌లో రెండు జాక్‌లూ డబ్బాకు కలిసి ఉంటాయి. దాన్ని ఈ యాంప్లిఫయర్‌లో పెడితే గ్రౌండ్ లూప్ ఏర్పడి హమ్ వచ్చే అవకాశం ఎక్కువ.

తర్వాత ఒక ఆర్‌సీఏ ప్లగ్‌లో మధ్య పిన్నునూ బయటి రింగునూ తీగతో కలిపి, షార్టింగ్ ప్లగ్ ఒకటి తయారుచేయండి. దాన్ని జాక్‌లో పెట్టి తీస్తూ వినండి. ప్లగ్ పెట్టినప్పుడు టప్పుమని వస్తే పాట్ పై కాలి దగ్గర డీసీ నిలిచి ఉందని అనుమానించాలి. రాకపోతే, పెడల్ నొక్కినప్పుడు వచ్చే శబ్దం స్విచ్‌దో కేబుల్‌దో అవుతుంది.

మూడో పరీక్షను చాలామంది మరిచిపోతారు. పెడల్‌ను యాంప్లిఫయర్‌కు కలపకుండానే, అది ఉండే చోటే నేల మీద పెట్టి కాలితో గట్టిగా నొక్కండి. స్ప్రింగులు ‘ఝంయ్’మంటే అది కరెంటు విషయం కాదు. చెక్క వేదిక గుండా పాకిన కుదుపు ట్యాంక్‌ను తాకుతోంది. పెడల్ కింద మందపాటి రబ్బరు, ట్యాంక్‌కు దాని సంచి, అడుగున స్పాంజ్ ముక్క ఉంటే ఆ బాధ చాలావరకు తీరుతుంది.

రెండో మెట్టు: ఉన్న సర్క్యూట్‌నే శుభ్రం చేయడం

కొందరికి ఈ మెట్టుతోనే పని పూర్తవుతుంది. మీటర్‌ను డీసీ మిల్లీవోల్టుల్లో పెట్టి, యాంప్లిఫయర్ వేడెక్కాక రివర్బ్ పాట్ పై కాలి దగ్గర కొలవండి. ప్లేట్ మీద 200 వోల్టుల పైచిలుకు ఉంటుంది కాబట్టి ప్రోబ్ జారకుండా క్లిప్ వాడండి, క్లిప్‌ను యాంప్లిఫయర్ ఆఫ్‌లో ఉండగానే తగిలించండి. అక్కడ రెండు మూడు మిల్లీవోల్టులకు మించి ఉండకూడదు. ఆ 0.003 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒక మైక్రోఆంపియర్ లీకైనా 100 కిలో ఓమ్ పాట్ మీద 100 మిల్లీవోల్టులు నిలుస్తాయి. పెడల్ నొక్కిన ప్రతిసారీ ఆ 100 మిల్లీవోల్టులు ఒక్కసారిగా కూలడమే మనం వినే టప్పు. దాని స్థానంలో 400 లేదా 600 వోల్టుల రేటింగ్ ఉన్న మంచి ఫిల్మ్ కెపాసిటర్ వేయండి. 0.0033 మైక్రోఫారడ్ సులభంగా దొరుకుతుంది, తేడా వినిపించదు.

కేబుల్‌కు షీల్డ్ లేకపోతే, షీల్డ్ ఉన్న తక్కువ కెపాసిటెన్స్ కేబుల్‌కు మారండి. మామూలు షీల్డ్ కేబుల్‌లో అడుగుకు సుమారు 30 పికోఫారడ్లు ఉంటాయి. పదిహేను అడుగులకు అది 450 పికోఫారడ్లు. ఈ బిందువు దగ్గర దాని ప్రభావం 12 కిలోహెర్ట్జ్ పరిసరాల్లో మొదలవుతుంది. స్ప్రింగులకు అంత పై స్వరాలు ఎలాగూ ఉండవు కాబట్టి నష్టం లేదు. కానీ ముప్పై, నలభై అడుగుల కేబుల్ వేసి, రివర్బ్ మొద్దుబారిందని బాధపడకూడదు. రివర్బ్‌కూ వైబ్రాటోకూ (శబ్దాన్ని అలలా ఊగించే ఎఫెక్ట్‌కూ) కలిపి రెండు బటన్లున్న పెడల్ అయితే, రెండు వైర్ల షీల్డులూ పెడల్ డబ్బాలో కలిసి పొడవైన లూప్‌గా మారతాయి. రెండు కేబుళ్లనూ పొడవునా దగ్గరగా కట్టి ఉంచండి. వైబ్రాటో స్విచ్ తర్కం దీనికి వ్యతిరేకం, అక్కడ మూసుకుంటేనే వైబ్రాటో మొదలవుతుంది. బటన్లు తారుమారు కాకుండా వైర్లకు గుర్తు పెట్టుకోండి.

మూడో మెట్టు: సిగ్నల్‌ను లోపలే ఉంచే సర్క్యూట్

ఇంత చేసినా తీగ చివర తెరిచి ఉన్న వైరు వైరే. శాశ్వతమైన పరిష్కారం కావాలంటే పాట్ దగ్గరే, చాసిస్ లోపలే, సిగ్నల్‌ను మెల్లగా గ్రౌండ్‌కు దించే పరికరం కావాలి. దానికి నేను ఎంచుకునేది ఆప్టోకప్లర్, అంటే ఎల్‌ఈడీ, దాని వెలుగు తగిలితే రెసిస్టెన్స్ పడిపోయే ఎల్‌డీఆర్ ఒకే చీకటి గొట్టంలో ఉన్న భాగం. ఇది ఈ యాంప్లిఫయర్‌కు కొత్తదేమీ కాదు, వైబ్రాటోను నడిపేది ఇలాంటిదే, అక్కడ ఎల్‌ఈడీకి బదులు నియాన్ బల్బు ఉంటుంది. ఎల్‌డీఆర్ రెసిస్టెన్స్ ఒక్కసారిగా దూకదు, కొన్ని మిల్లీసెకన్ల పాటు జారుతుంది. ఆ జారడంలోనే టప్పు శబ్దం కరిగిపోతుంది.

ఎల్‌డీఆర్‌ను పాట్ పై కాలికీ, అదే పాట్ గ్రౌండ్ కాలికీ మధ్య వేయాలి. సిగ్నల్ దారిలో సిరీస్‌లో వేయకూడదు. ఈ నిర్ణయానికి ఒక బలమైన కారణం ఉంది. ఇలా వేస్తే, రివర్బ్ వినిపిస్తున్నంతసేపూ ఎల్‌ఈడీ ఆరిపోయి ఉంటుంది, కంట్రోల్ సర్క్యూట్‌లో కరెంటే ఉండదు. కరెంటు లేనిచోట నుంచి హమ్ రాదు. ఎల్‌ఈడీ వెలిగినప్పుడు దాని సరఫరాలో కొద్దిగా రిపుల్ (డీసీలో మిగిలిపోయిన ఏసీ అల) ఉన్నా, అప్పటికి సిగ్నల్ గ్రౌండ్ అయి ఉంటుంది కాబట్టి వినేదేమీ ఉండదు. పైగా పాత పెడల్ తర్కం అలాగే నిలుస్తుంది: మూసుకుంటే రివర్బ్ ఆగుతుంది, పెడల్ లేకపోతే రివర్బ్ ఉంటుంది. అదే పెడల్, అదే ఆర్‌సీఏ జాక్ సరిపోతాయి.

వీటీఎల్5సీ3 అనే వాక్ట్రోల్ (సిద్ధంగా కట్టి దొరికే ఆప్టోకప్లర్) దొరికితే అది ఈ పనికి చాలా మంచిది. 10 మిల్లీఆంపియర్ల దగ్గర దాని రెసిస్టెన్స్ కొద్ది ఓమ్‌లకు పడిపోతుంది. దొరకకపోతే జీఎల్5528 వంటి మామూలు ఎల్‌డీఆర్, 5 మిల్లీమీటర్ల ఎర్ర ఎల్‌ఈడీ తీసుకోండి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి విడిభాగాల బజారుల్లో ఈ రెండూ అడిగితే ఇస్తారు. ఎల్‌ఈడీ ముక్కును ఎల్‌డీఆర్ ముఖానికి ఆనించి, నల్లటి హీట్‌ష్రింక్ గొట్టంలో పెట్టి వేడిచేసి బిగించండి. గొట్టం రెండు చివరలనూ కాళ్లు బయటికి వచ్చే చోట నల్ల సిలికోన్‌తో గానీ రెండో పొర హీట్‌ష్రింక్‌తో గానీ మూసేయండి. ఈ మూత విషయంలో తొందరపడవద్దు. బల్ల మీద చాసిస్ తెరిచి పరీక్షిస్తున్నప్పుడు టేబుల్ లైటు వెలుగు చిన్న సందులోంచి దూరినా రివర్బ్ సన్నబడుతుంది, క్యాబినెట్‌లో పెట్టగానే బాగవుతుంది, తప్పెక్కడో తెలియక తల పట్టుకోవాల్సి వస్తుంది.

తయారైన భాగాన్ని ముందు మీటర్‌తో కొలవండి. ఎల్‌ఈడీ ఆరినప్పుడు, కొన్ని సెకన్లు ఆగాక, ఎల్‌డీఆర్ ఒక మెగాఓమ్‌కు పైన చూపాలి. 10 మిల్లీఆంపియర్లు పంపినప్పుడు 500 ఓమ్‌ల లోపుకు రావాలి. 38 కిలో ఓమ్‌ల మూలం మీద 500 ఓమ్‌లంటే రివర్బ్ దాదాపు 38 డెసిబెల్స్ తగ్గుతుంది, 200 ఓమ్‌లైతే 45 డెసిబెల్స్ పైన. రెండోదే మన లక్ష్యం. నాలుగైదు ఎల్‌డీఆర్లు కొని, వాటిలో తక్కువ చూపేదాన్ని ఎంచుకోండి.

ఎల్‌ఈడీకి కరెంటు ఎక్కడి నుంచి

ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి, కాబట్టి మెల్లగా చదవండి. ట్యూబులను వేడిచేసే 6.3 వోల్టుల హీటర్ వైండింగ్ (పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌లోని తీగచుట్ట) దగ్గరలోనే ఉంటుంది, కానీ దాన్ని ఎలా గ్రౌండ్ చేశారో చూడకుండా ముట్టుకోకూడదు.

వైండింగ్‌కు నిజమైన సెంటర్ ట్యాప్ (చుట్ట మధ్య నుంచి తీసిన వైరు) ఉండి అది చాసిస్‌కు కలిసి ఉంటే, రెండు చివరల నుంచీ ఒక్కొక్క 1ఎన్4007 డయోడ్ తీసుకుని, వాటి కాథోడ్లను కలిపి, అక్కడి నుంచి చాసిస్‌కు 1000 మైక్రోఫారడ్, 16 వోల్టుల కెపాసిటర్ వేయండి. దాదాపు 3.7 వోల్టులు వస్తాయి. దానికి 180 ఓమ్ రెసిస్టర్ సరిపోతుంది, ఎర్ర ఎల్‌ఈడీలో 10 మిల్లీఆంపియర్లు పారతాయి. ఇక్కడ నాలుగు డయోడ్ల బ్రిడ్జ్ వేసి దాని నెగెటివ్‌ను గ్రౌండ్ చేస్తే సగం వైండింగ్ డయోడ్ గుండా షార్ట్ అవుతుంది. అది ఎన్నడూ చేయవద్దు.

వైండింగ్ ఒక చివర నేరుగా గ్రౌండ్ అయి ఉంటే, రెండో చివర నుంచి ఒకే డయోడ్ చాలు. 8 వోల్టుల పైన వస్తుంది, 680 ఓమ్ రెసిస్టర్ వేయండి. రెండు 100 ఓమ్ రెసిస్టర్లతో కృత్రిమంగా మధ్యబిందువు చేసిన యాంప్లిఫయర్‌లో మాత్రం హీటర్ వైపు వెళ్లకుండా, 6 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ విడిగా పెట్టి, బ్రిడ్జ్, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, 560 ఓమ్ రెసిస్టర్ వాడండి. హమ్ తగ్గించడానికి హీటర్లను పాజిటివ్ డీసీ మీద నిలిపిన యాంప్లిఫయర్లు కొన్ని ఉన్నాయి. వాటిలో హీటర్ నుంచి తీసుకుంటే ఆ డీసీ అంతా పెడల్ దాకా వస్తుంది, అందువల్ల అక్కడ కూడా విడి ట్రాన్స్‌ఫార్మరే దారి.

వైరింగ్ వరుస

జాక్ మధ్య పిన్ను నుంచి పాట్‌కు వెళ్లే పాత వైరును పాట్ దగ్గరే విప్పండి. సరఫరా పాజిటివ్ నుంచి రెసిస్టర్, రెసిస్టర్ నుంచి ఎల్‌ఈడీ ఆనోడ్, ఎల్‌ఈడీ కాథోడ్ నుంచి జాక్ మధ్య పిన్ను, పెడల్ మూసుకుంటే అక్కడి నుంచి గ్రౌండ్: ఇదే పూర్తి మార్గం. ఎల్‌ఈడీ రెండు కాళ్ల మధ్య 220 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను, పాజిటివ్ ఆనోడ్ వైపు ఉండేలా వేయండి. ఇది వెలుగును మెల్లగా పెంచుతుంది. దాని పక్కనే 2.2 కిలో ఓమ్ రెసిస్టర్ కూడా ఉండాలి. అది లేకపోతే పెడల్ వదిలాక కెపాసిటర్‌లో ఒకటిన్నర వోల్టు అలాగే మిగిలి, ఎల్‌ఈడీ కంటికి కనిపించనంత సన్నగా వెలుగుతూ, రివర్బ్ తిరిగి రావడానికి తటపటాయిస్తుంది. జాక్ మధ్య పిన్నుకూ రింగుకూ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేస్తే కేబుల్ గుండా రేడియో తరంగాలు లోపలికి రావు.

ఆప్టోకప్లర్‌ను పాట్ వెనకే పెట్టి, ఎల్‌డీఆర్ కాళ్లను వీలైనంత పొట్టిగా పాట్ కాళ్లకు టంకం వేయండి. ఎల్‌ఈడీ వైర్లు రెండూ మెలిపెట్టి, చాసిస్‌ను ఆనుకుని, రికవరీ ట్యూబ్ గ్రిడ్ వైరుకు దూరంగా తీసుకుపోండి. ఎల్‌ఈడీ కరెంటు తిరుగుదారి ప్రీయాంప్ గ్రౌండ్ పట్టీ గుండా పోకూడదు. సరఫరా కెపాసిటర్ నెగెటివ్‌ను హీటర్ సెంటర్ ట్యాప్ కలిసిన చోటే చాసిస్‌కు కలపండి.

రివర్బ్ తోక కావాలనుకునేవారికి

పై పద్ధతిలో పెడల్ నొక్కగానే స్ప్రింగుల మోత కూడా ఆగిపోతుంది. అప్పటిదాకా మోగుతున్నది సహజంగా చచ్చిపోవాలి, కొత్త స్వరం మాత్రం స్ప్రింగులకు చేరకూడదు అనుకుంటే, ఎల్‌డీఆర్‌ను 12ఏటీ7 గ్రిడ్‌కూ గ్రౌండ్‌కూ మధ్య వేయాలి. 500 పికోఫారడ్ కెపాసిటర్ రియాక్టెన్స్ 1 కిలోహెర్ట్జ్ దగ్గర 318 కిలో ఓమ్‌లు కాబట్టి, అక్కడ మామూలు ఎల్‌డీఆర్ కూడా చక్కగా పనిచేస్తుంది. కానీ ఎల్‌డీఆర్ కిందికి దిగినప్పుడు ఆ 500 పికోఫారడ్లు నేరుగా గ్రౌండ్‌కు కలిసినట్టవుతాయి, మూల శబ్దంలో 8 కిలోహెర్ట్జ్ పైభాగం కొద్దిగా మసకబారుతుంది. కెపాసిటర్‌కూ గ్రిడ్‌కూ మధ్య 100 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి, ఎల్‌డీఆర్‌ను గ్రిడ్ వైపు ఉంచితే ఆ దోషం పోతుంది. ఈ చోట స్విచింగ్ ఇంకా మెత్తగా ఉండాలి, ఎందుకంటే ఇక్కడ పుట్టిన చిన్న టిక్కు కూడా స్ప్రింగుల్లో పడి, సెకన్ల పాటు మోగుతుంది. ట్యాంక్ నుంచి వచ్చే హమ్ కూడా రివర్బ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు అలాగే వినిపిస్తుంది. నా ఓటు పాట్ వైపుకే.

రిలే (కాయిల్ అయస్కాంతంతో కదిలే స్విచ్) వాడవచ్చు, కానీ దాని కాంటాక్టులు ఒక్కసారిగా మూసుకుంటాయి, కాయిల్ అయస్కాంత క్షేత్రం రికవరీ స్టేజ్ పక్కన ఉండకూడదు, కాయిల్‌కు అడ్డంగా డయోడ్ తప్పనిసరి. జేఫెట్ అనే ట్రాన్సిస్టర్‌తో కూడా చేస్తారు. ఈ బిందువు దగ్గర సిగ్నల్ వోల్టు దాటగలదు కాబట్టి గేట్ వోల్టేజీని సరిగా అమర్చకపోతే, రివర్బ్ ఆన్‌లో ఉన్నప్పుడు శిఖరాలు చీలి, కరకరలాడుతుంది.

పరీక్ష

ముందు ట్యూబులన్నీ తీసి పవర్ ఇచ్చి, సరఫరా కెపాసిటర్ మీద అనుకున్న వోల్టేజీ ఉందో, జాక్‌లో మీటర్ కలిపి పెడల్ మార్గంలో 10 మిల్లీఆంపియర్ల పరిసరాల్లో పారుతోందో చూడండి. మధ్య పిన్నుకూ చాసిస్‌కూ మధ్య ఎప్పుడైనా 10 వోల్టులకు మించి కనిపిస్తే వెంటనే ఆపి, హీటర్ గ్రౌండింగ్ మళ్లీ పరిశీలించండి. అది సరిగా ఉన్నాక ట్యూబులు పెట్టి, వాల్యూమ్ సున్నాలో, రివర్బ్ పూర్తిగా పెంచి, పెడల్‌ను చేత్తో నొక్కి వదులుతూ స్పీకర్ దగ్గర చెవి పెట్టండి. సన్నని హిస్ ఆగడం, మళ్లీ రావడం తప్ప ఇంకేమీ వినిపించకూడదు. తర్వాత గిటార్ కలిపి, తీగలను గట్టిగా కొట్టి, మోత మధ్యలో పెడల్ నొక్కండి. రివర్బ్ ఆగడంలో తడబాటు అనిపిస్తే 220 మైక్రోఫారడ్‌ను 100కు దించండి. ఇంకా చిన్న టిక్కు వినిపిస్తే 470కు పెంచండి. ఆఫ్‌లో ఉన్నా దూరంగా రివర్బ్ నీడ వినిపిస్తుంటే ఎల్‌ఈడీ రెసిస్టర్‌ను కొంచెం తగ్గించి, కరెంటును 15 మిల్లీఆంపియర్ల దాకా తీసుకుపోవచ్చు. దానికీ తగ్గకపోతే ఆ ఎల్‌డీఆర్‌ను పక్కన పెట్టి, కొలిచి ఎంచుకున్న మరొకటి వేయండి.